ముక్కు అరువు

శుక్రవారం రాత్రి మా ఆయన అడిగేది ఒక్కటే:
"వెర్నా, ఓసారి ముక్కు అరువియ్యి."

వంటింటి గచ్చు మీద పాతిక లీటర్ల బకెట్టు,
మూత తీసి, పలచటి గుడ్డ కప్పి.
నేను మోకాళ్ల మీద వంగి
పక్కింటి పొయ్యి మీద ఏముందో
కనిపెట్టేదానిలా గాలి పీలుస్తాను.
"ఇంకా ఉంది," అంటాను.
లేదా, "పోయింది."
ఆ ఒక్క మాట కోసం ఐనో
మార్కుల కాగితం అందుకోబోయే పిల్లాడిలా
చేతులు కట్టుకుని నిలబడతాడు.

అతని ముక్కు చచ్చి పందొమ్మిదేళ్లు.
పగలంతా ఊరి నీళ్ల కేంద్రంలో
సుపీరియర్ సరస్సు నీళ్లకి క్లోరిన్ కలిపే ఉద్యోగం.
చొక్కా విప్పితే
ఇంట్లో ఈతకొలను తెరిచినట్టుంటుంది,
తనకి మాత్రం తెలీదు.
పగలు తను కలిపినదాన్నే
రాత్రి తను విడదీస్తాడు.
కలపడం జీతానికి, విడదీయడం సరదాకి.

మొదటిసారి కాచిన బీరు సంగతి
మా వీధి వీధంతా చెప్పుకుంది.
బార్లీ మాల్టు మంచిదే. రై గింజ, జూనిపర్ కొమ్మ
అతని ఫిన్లండు తాతల లెక్క ప్రకారమే.
నెలన్నర ఆగి సీసా మూత లేపితే
గాయానికి అంటించే ప్లాస్టర్ వాసన.
ప్లంబర్ ఆర్విడ్ ఒక్క గుక్క మింగి
గ్లాసు వంక చాలాసేపు చూసి
"ఏడో ఏట సైకిల్ మీంచి పడ్డాను,
ఆ మోకాలు గుర్తొచ్చింది," అన్నాడు.
ఎందుకిలా అయిందని అడిగితే
ఐనో నీళ్లు నమిలాడు.
నీళ్ల మనిషి, ఇంకేం నములుతాడు!

ఆ తర్వాత నేర్చుకున్నాడు.
ముందు రాత్రే పట్టి ఉంచితే చాలు,
కూర్చోమని ఎవరూ అనని చుట్టంలా
క్లోరిన్ తనే లేచి వెళ్లిపోతుంది.
ఆరేళ్లు అలా మంచి బీరు తాగాం.

పోయిన వసంతంలో కేంద్రంలో పద్ధతి మారింది.
క్లోరిన్‌కి అమ్మోనియాని జత చేశారు.
ఆ వాల్వు తిప్పింది ఐనోయే.
జంట కుదిరాక అది కదలదు.
రాత్రంతా ఉంచినా, సలసలా కాచినా
నీళ్లని పట్టుకునే ఉంటుంది.
కాగితాలన్నీ చదివాడు, సంతకం పెట్టాడు,
అయినా ఆ శుక్రవారం బకెట్టు నింపాడు,
అయినా నన్ను పిలిచాడు.
"పోలేదు," అన్నాను.
తెల్లారి మళ్లీ.
"పోలేదు, ఐనో."

ఇప్పుడు అర మాత్ర.
చెంచా వెనకతో నలిపి
చెక్క గరిటెతో నాలుగు తిప్పులు, అంతే,
టీ చల్లారేలోపు అయిపోతుంది.
ఇక నా ముక్కుతో పనేముంది?
అతను అడగలేదు. నేనూ అడగలేదు.
శుక్రవారాలు కాస్త పొడుగయ్యాయి.

నవంబరులో గాలి లేచి
పంపుల గదిలోకి సరస్సే నడిచొచ్చింది.
రెండు రాత్రులు ఐనో ఇంటికి రాలేదు.
కుళాయి దగ్గింది, దగ్గింది, ఆగింది.
ఇంట్లో మిగిలింది ఆ బకెట్టు నీళ్లే,
మాత్ర పడి నాలుగు రోజులైనవి.
గ్లాసు ముంచానో లేదో ఫోను:
"బకెట్టు నీళ్లు అలా తాగకు, మరిగించు.
దాని కాపలా నేనే తీసేశాను."
వెనకాల మోటార్ల రొద, ఎవరిదో కేక,
లైను తెగిపోయింది.

కెటిల్ ఈల వేసేదాకా పక్కనే నిలబడ్డాను.
రుచి కోసం మనం వదులుకునేవాటి గురించి
గొప్పగా ఆలోచించానని చెప్తే అబద్ధం.
నేను తలుచుకున్నది
తడిసిపోయిన అతని మేజోళ్ల గురించి.

మూడో రోజు మధ్యాహ్నం వచ్చాడు.
కళ్లు ఎర్రగా, గడ్డం మాసి,
ముందెప్పుడూ లేనంత ఘాటుగా.
కోటు విప్పబోతుంటే ఆపి
మెడ దగ్గర ముక్కు ఆనించాను.

"ఉందా?" అన్నాడు.

"ఉంది," అన్నాను.